చూచివ్రాత

తెలుగు బడులలో చూచివ్రాత యను అభ్యాసము చిరకాలమునుండి కలదు. పుస్తకమున పైవరుసయందు అందముగా అచ్చుపడిన వాక్యమును జూచి, దాని క్రింద అదే వాక్యమును బాలుడు మరల మరల వ్రాయును. చేతికి వంపు, అక్షరమునకు పొందిక, కంటికి నిలుకడ దానివలన అలవడును. ఈ చూచివ్రాతను ఉపాధ్యాయుడే నియమించును, తల్లిదండ్రులు మెచ్చుకొందురు. కాని బాలుడు పెరిగి పై తరగతులకు వచ్చిన పిదప మఱియొక చూచివ్రాత కంటబడును. ఇంటివద్ద స్వయముగా చేసికొని రమ్మనిన లెక్కలను, ఆలోచించి వ్రాసికొని రమ్మనిన వ్యాసమును, ఉదయమున బడిగంట మ్రోగుటకు ముందు మిత్రుని పుస్తకము ప్రక్కన బెట్టుకొని గబగబ దించుకొనుటయే యది. పేరొక్కటే, పని వేఱు. మొదటిది విద్యకు మెట్టు. రెండవది విద్యకు గొయ్యి. ఈ రెంటికిని గల భేదమేమి? రెండవది ఇంటిలో బయటపడినప్పుడు తల్లిదండ్రులు చేయదగిన దేమి? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును. కాని వీనికి చెప్పు సమాధానమునుబట్టియే ఒక్కొక్కప్పుడు బాలుని నడవడి ఏ దారి పట్టునో నిర్ణయమగును.

చూచి వ్రాయుట తనంతట తాను దోషము కాదు. అచ్చుయంత్రము రాకపూర్వము తెలుగు గ్రంథములు తాటియాకులపై గంటముతో వ్రాయబడెడివి. ఆకు జీర్ణించుటకు ముందే లేఖకుడు దానిని జూచి క్రొత్త యాకులపై ప్రతి వ్రాయకున్నచో పూర్వకవుల కావ్యములు పెక్కు నేటివారి చేతికి వచ్చియుండెడివి కావు. 19వ శతాబ్దపు పూర్వార్ధమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను కడపలో పండితులకును, లేఖకులకును జీతములిచ్చి, తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించి, వానిని సరిచూపించెను. నేడు కడపలో ఆయన పేర ఒక గ్రంథాలయము కలదు. నాటి లేఖకులు ప్రతి చివర, తాము చూచినదానినే వ్రాసితిమనియు, తప్పులున్న మన్నింపవలసినదనియు చదువరులకు విన్నవించుకొనుట వాడుక. కవి పేరు కవికే యుండెను. లేఖకుని శ్రమ లేఖకునికే యుండెను. ఒకరి సొత్తు మఱియొకరి పేర చెల్లలేదు. కావున ఆ చూచివ్రాత గౌరవమునకు పాత్రమైనది. బడిపిల్లవాడు మిత్రుని లెక్కను దించుకొని, పుస్తకముపై తన పేరు వ్రాసి ఉపాధ్యాయుని బల్లపై బెట్టునప్పుడు ఆ పేరే అబద్ధమగుచున్నది. దోషము చూచుటలో లేదు, వ్రాయుటలో లేదు. తనది కానిదానిని తనదని చెప్పుటలో నున్నది.

ఇంటి యభ్యాసమును ఉపాధ్యాయుడు ఎందులకు ఇచ్చును? సరియైన సమాధానములు ఆయనకు కొఱత కాదు. అవి ఆయనకు తెలిసినవే. బాలునికి ఏది తెలిసినది, ఏది తెలియలేదు అను సంగతిని గ్రహించుటకే ఆయన పుస్తకములు తెప్పించుకొనును. తప్పుగా చేసిన లెక్క ఆయనకు ఒక కబురు చెప్పును: ఈ పాఠము మరల బోధింపవలెనని. అందఱును ఒక్కని పుస్తకమును జూచి దించుకొన్నచో, తరగతి యంతయు పాఠమును గ్రహించినదని ఆయన మోసపోయి ముందునకు సాగును. అంతట దించుకొన్నవానికి మాత్రమే గాక, అర్థము కాలేదని చెప్పుటకు సిగ్గుపడి కూర్చున్న తక్కినవారికిని నష్టము కలుగును. తన జ్వరమును దాచి, ఆరోగ్యవంతుడైన మిత్రుని చేతిని వైద్యునికి చూపు రోగివంటివాడు ఈ బాలుడు. వైద్యుడు నాడి బాగున్నదనును, మందు ఈయడు. జ్వరము మాత్రము రోగియొద్దనే యుండును.

బాలుడు ఇట్టి పనికి ఏల పూనుకొనును? కారణములు పెక్కు గలవు. పాఠము బోధపడకపోవుట యొకటి. బోధపడినను, ఆటలయందో, ముచ్చటలయందో సాయంకాలము గడచిపోవుట యొకటి. ఇంటిలో తమ్ముని నెత్తుకొనవలసి యుండుటయో, దుకాణమున తండ్రికి తోడుపడవలసి యుండుటయో మఱియొకటి. ఒక్కనాడే నాలుగు విషయములలో పని పడుట యింకొకటి. తక్కువ మార్కులు వచ్చినచో ఇంటిలో ఏమందురో యను భయము వీనియన్నిటికంటె బలమైనది. పదుమూడు పదునాలుగేండ్ల ప్రాయమున తోటివారిముందు తెలివితక్కువవాడని పేరుపడుట బాలునికి మరణసమానముగా తోచును. కారణము వేఱైనప్పుడు చికిత్సయు వేఱుగా నుండవలెను. సోమరికి మందలింపు కావలెను. అర్థము కానివానికి బోధన కావలెను. తీరిక లేనివానికి ఇంటిపనినుండి విడుదల కావలెను. భయపడినవానికి ధైర్యము కావలెను. అందఱికిని ఒక్కటే దెబ్బ కొట్టు తల్లిదండ్రులు రోగమెఱుగక మందిచ్చు వైద్యులు.

ఒక గృహమున జరుగదగిన సంగతిని ఊహింపవచ్చును. ఉపాధ్యాయుడు ఇచ్చిన లెక్క యిది: 800 రూపాయలకు నూటికి 5 రూపాయల వంతున 2 సంవత్సరములకు చక్రవడ్డీ యెంత? రాత్రి భోజనములైన పిదప తల్లి పుస్తకము తిరుగవేసి చూచుచున్నది. మెట్లన్నియు సరిగానే యున్నవి. మొదటి సంవత్సరపు వడ్డీ 40 రూపాయలు. రెండవ సంవత్సరపు వడ్డీ 42 రూపాయలు. కాని చివర మొత్తము 28 రూపాయలని యున్నది.

“నాయనా, నలుబదియు నలుబది రెండును కలిపిన నెంత?” అని తల్లి యడిగెను.

“ఎనుబది రెండమ్మా.”

“ఇక్కడ ఇరువది యెనిమిది యని యున్నదే! అంగడిలో చిల్లర లెక్కపెట్టునప్పుడు నీవు పైసాకూడ తప్పవు గదా!”

బాలుడు తల వంచుకొనెను. మిత్రుడు తొందరలో అంకెలు తారుమారు చేసి 82నకు 28 వ్రాసెను. దించుకొన్నవాడు ఆ తప్పునుకూడ దించుకొనెను. ఇతరుల తెలివిని అరువు తెచ్చుకొన్నవానికి వారి పొరపాటుకూడ వెంట వచ్చును.

ఈ నిమిషమే మిక్కిలి ముఖ్యమైనది. తల్లి ఇప్పుడు చేయి చేసికొనవచ్చును. ఇరుగుపొరుగు బిడ్డలతో పోల్చి ఎత్తిపొడువవచ్చును. తండ్రిని కేకవేసి చెప్పి, ఇల్లంతయు అల్లరి చేయవచ్చును. అట్లు చేసినచో బాలుడు నేర్చుకొను పాఠ మొక్కటే: మఱునాటినుండి దించుకొన్నప్పుడు చివరి మొత్తమును సరిచూచుకొనవలెనని. లేదా తల్లి నవ్వి, అందఱును చేయు పనియే గదా యని పుస్తకము మూసివేయవచ్చును. అప్పుడును బాలుడు పాఠము నేర్చును: ఈ యింటిలో అబద్ధమునకు వెల లేదని. ఈ తల్లి రెండును చేయలేదు. కొంతతడవు ఊరకుండి, “నీకు ఏ మెట్టుకడ తెలియలేదు?” అని మాత్రము అడిగెను.

బాలుని కన్నులు చెమర్చినవి. “రెండవయేట కూడ నలుబదియే గదా రావలెను! నలుబది రెండు ఎట్లు వచ్చినదో నాకు తెలియలేదమ్మా. తరగతిలో అడుగుటకు సిగ్గు వేసినది.”

“మొదటి సంవత్సరము చివర వడ్డీ చెల్లించితిమా?”

“లేదు.”

“చెల్లింపని ఆ నలుబది రూపాయలు అప్పులో కలిసిపోయినవి. ఇక రెండవయేట ఎంత సొమ్ముపై వడ్డీ పడును?”

“ఎనిమిదివందల నలుబదిపైన!” అని బాలుడు తటాలున చెప్పి, పలక యందుకొని తానే గుణించి చూచుకొనెను. నూటికి అయిదు వంతున నలుబది రెండు వచ్చినది. వాని ముఖము వికసించెను.

తల్లి యింతటితో ఆగలేదు. “లెక్క తీరినది గాని, రేపు పంతులుగారికి ఏమి చెప్పెదవు?” అని యడిగెను. బాలుడు వెఱచి, “నీవు వచ్చి చెప్పవా అమ్మా?” యనెను. “బడి వాకిలివఱకు నేనును వచ్చెదను. మాట మాత్రము నీవే చెప్పవలెను” అని యామె బదులు చెప్పెను. “మఱి వాని పేరుకూడ చెప్పవలెనా?” “నీ తప్పు నీవు చెప్పుము. వాని మాట వాడు చెప్పుకొనును.”

ఆ తల్లి చేసిన పనులను వరుసగా పరిశీలించిన, పెద్దల కర్తవ్యము తేటపడును. మొదట కోపము చల్లారువఱకు ఆగెను. పిదప శిక్షకంటె ముందు కారణమును వెదకెను. కారణము తెలిసిన వెంటనే తానే లెక్క చేసి యీయక, బాలునిచేతనే చేయించెను. తరువాత ఆ దోషమును ఇంటిగోడలమధ్య పాతిపెట్టక, ఎవరిని మోసగించెనో వారియొద్దనే ఒప్పుకొనునట్లు చేసెను. మిత్రుని పట్టి యిచ్చు పిఱికితనమును నేర్పలేదు. అప్పునకు చక్రవడ్డీ పెరిగినట్లే దాచిన అబద్ధమునకును పెరుగును. మొదటినాడు ఒక లెక్క దించుకొన్నవానికి రెండవనాటి లెక్క మఱింత కఠినమగును. ఏలయన, రెండవది మొదటిదానిపై నిలిచియున్నది. అందువలన మరల దించుకొనవలసి వచ్చును. సంవత్సరాంతమున పరీక్షశాలలో మిత్రుడు దూరముగా కూర్చున్నప్పుడు అసలును, వడ్డీయు ఒక్కమాఱే చెల్లింపవలసి యుండును. మొదటి మెట్టుననే అప్పు తీర్పించిన తల్లి బిడ్డకు మహోపకారము చేసినది.

ఈ విషయమున మహాత్మా గాంధీ బాల్యము గొప్ప దృష్టాంతము. 1925 మొదలు 1929 వఱకు నవజీవన్ పత్రికలో గుజరాతీ భాషలో వెలువడిన తన ఆత్మకథలో ఆయన వీనిని దాపరికము లేక వ్రాసికొనెను. రాజకోటలో ఉన్నత పాఠశాలయందు చేరిన మొదటి సంవత్సరము విద్యాశాఖ పరీక్షాధికారి జైల్స్ అను ఆంగ్లేయుడు బడిని చూడవచ్చి, అయిదు ఇంగ్లీషు మాటలు చెప్పి వ్రాయుమనెను. వానిలో ‘కెటిల్’ అను మాట యొకటి. బాలుడైన గాంధీ దాని వర్ణక్రమమును తప్పుగా వ్రాసెను. ఉపాధ్యాయుడు తన బూటు కొనతో తాకి, ప్రక్కవాని పలక చూచి దిద్దుకొమ్మని సైగ చేసెను. ఉపాధ్యాయుడు అక్కడ నిలిచియుండుట పిల్లలు దించుకొనకుండ చూచుటకే యని నమ్మియున్న ఆ బాలునికి సైగ అర్థము కాలేదు. తక్కిన బాలురందఱును అయిదు మాటలును సరిగా వ్రాసిరి. గాంధీ యొక్కడే తప్పు వ్రాసినవాడయ్యెను. ఉపాధ్యాయుడు పిదప వాని తెలివితక్కువతనమును ఎత్తిచూపెను గాని, దించుకొను విద్య ఆ బాలునికి ఎన్నడును పట్టుబడలేదు. ఇందు విచారింపదగిన దొకటి యున్నది. అచ్చట దించుకొమ్మని ప్రోత్సహించినవాడు పెద్దవాడే. తన తరగతికి పేరు రావలెనను ఆశ పెద్దలనుకూడ దారి తప్పించును.

అంతమాత్రమున గాంధీ దోషమెఱుగని బాలుడని తలపరాదు. పదునైదేండ్ల ప్రాయమున ఆయన దొంగతనము చేసెను. అన్నగారికి ఇరువదియైదు రూపాయల అప్పు పడినది. దానిని తీర్చుటకై అన్న చేతి బంగారు కడియమునుండి చిన్న ముక్క కత్తిరింపబడెను. అప్పు తీరినది గాని, మనస్సునకు శాంతి లేదు. తండ్రితో చెప్పుటకు నోరు రాలేదు. తండ్రి కొట్టునను భయము కాదు; ఆయన బిడ్డలను కొట్టినట్లు గాంధీకి జ్ఞాపకమే లేదు. ఆయనకు దుఃఖము కలుగునని భయము. తుదకు ఒక చీటిపై తన తప్పు వ్రాసి, తగిన శిక్ష విధింపుమని కోరి, తన దోషమునకై ఆయన తన్ను తాను శిక్షించుకొనవలదని వేడి, ఇక నెన్నడును దొంగిలనని ప్రతిజ్ఞ చేసి, వణకుచు తండ్రి చేతికిచ్చెను.

తండ్రియగు కరమచంద్ గాంధీ అప్పుడు రోగపీడితుడై కొయ్యబల్లపై పరుండియుండెను. ఆయన లేచి కూర్చుండి చీటి చదివెను. కన్నీరు చెక్కులపై జాఱి కాగితమును తడిపెను. ఒక్క క్షణము కన్నులు మూసికొని, చీటిని చింపివేసి, మరల పరుండెను. ఒక్క పరుషవాక్యమైనను పలుకలేదు. కుమారుడును ఏడ్చెను. ఇట్టి శాంతము తండ్రికి సహజమైనది కాదనియు, కోపించి నుదురు కొట్టుకొనునని తాను తలచితిననియు గాంధీ వ్రాసెను. దాపరికము లేక తప్పొప్పుకొనుటయే ఆయనను శాంతపఱచినదని గాంధీ విశ్వాసము. 1885లో కరమచంద్ గాంధీ కీర్తిశేషుడయ్యెను. కాని ఆ కన్నీటి చుక్కలు కుమారుని హృదయమున జీవితాంతము నిలిచినవి.

ఇందు తల్లిదండ్రులు గ్రహింపదగిన మర్మ మొకటి కలదు. తప్పు చేసిన బాలుడు తానై వచ్చి చెప్పుటకు తగిన చోటు ఇంటిలో ఉండవలెను. కొట్టు చేతికడకు ఎవ్వడును చీటి తీసికొని పోడు. క్షమ యనగా తప్పును లెక్కచేయకుండుట కాదు. కరమచంద్ ఆ తప్పునకై ఏడ్చెను. తప్పు పెద్దదే, బిడ్డ అంతకంటె పెద్దవాడు. ఈ రెండును ఒక్కమాఱే బాలునికి తెలియవలెను.

అదే తండ్రి మఱియొక సందర్భమున వేఱుగా ప్రవర్తించెను. ఆ పాఠశాల ప్రధానోపాధ్యాయుడు వ్యాయామమును పై తరగతుల బాలురకు విధిగా చేసెను. ఒక శనివారమున మబ్బు పట్టుటవలన గాంధీకి వేళ తెలియలేదు. గడియారము లేదు. పోవునప్పటికి అందఱును వెళ్లిపోయిరి. నిజము చెప్పినను ప్రధానోపాధ్యాయుడు నమ్మక అణాయో రెండణాలో జరిమానా వేసెను. అబద్ధమాడినవాడని పేరు పడినందులకు బాలుడు మిక్కిలి ఏడ్చెను. సత్యవంతుడు జాగరూకుడుగా కూడ నుండవలెనని ఆనాడు ఆయన నేర్చుకొనెను. బడి ముగిసిన పిదప కుమారుడు తనకు పరిచర్య చేయవలసియున్నదని తండ్రి స్వయముగా జాబు వ్రాయగా వ్యాయామమునుండి విడుదల లభించెను. బిడ్డ నిజము చెప్పినప్పుడు నమ్మి వానిపక్షమున నిలుచుటయు పెద్దల ధర్మమే. తప్పుచేసినప్పుడు దండించుటకు మాత్రమే కనబడు తండ్రిని బాలుడు నమ్మడు.

గాంధీ తానే పెద్దవాడై దక్షిణాఫ్రికాలో పిల్లలకు చదువు చెప్పునప్పుడు ఈ ధర్మమును మఱియొక మెట్టు పైకి గొనిపోయెను. 1904లో డర్బను సమీపమున స్థాపించిన ఫీనిక్సు ఆశ్రమమున ఇద్దఱు నడవడి తప్పినట్లు విని, శిష్యుల దోషమున గురువునకును కొంత భాగము కలదని తలచి, తానే ఏడు దినములు ఉపవసించి, నాలుగున్నర మాసములు దినమున కొక్కపూటయే భుజించెను. ఉపాధ్యాయులెల్ల ఇట్లే చేయవలెనని తన యభిప్రాయము కాదనియు ఆయనయే వ్రాసెను. తల్లిదండ్రులు ఉపవసింపనక్కఱలేదు. కాని బిడ్డ దించుకొన్నాడని తెలిసినప్పుడు, ఇందు మా భాగ మెంత యని ఒకమాఱు ప్రశ్నించుకొనుట ఉచితము.

ఆ ప్రశ్నకు పెక్కు గృహములలో సమాధానము దొరకును. బడిలో నమూనా చేసికొని రమ్మనిన, తండ్రి రాత్రియంతయు కూర్చుండి తానే చేసి యిచ్చును; లేదా దుకాణమున కొని తెచ్చును. బొమ్మ తల్లి గీయును. పేరు మాత్రము బిడ్డది. అట్టి తల్లిదండ్రులే, బిడ్డ మిత్రుని లెక్క దించుకొన్నప్పుడు ఆశ్చర్యపడుదురు. మార్కులనే అడిగి, నేర్చినదానిని అడుగని యింట బిడ్డయు మార్కులనే వెదకును. “నే డెన్ని వచ్చినవి?” అను ప్రశ్నకు బదులు “నేడు ఏది కష్టముగా తోచినది?” అని యడుగు తల్లిదండ్రులకు దించుకొను బిడ్డలు అరుదుగా కలుగుదురు.

నేటి కాలమున దించుకొనుటకు మిత్రుని యింటికి పోవలసిన పనియు లేదు. పుస్తకపు పుటకు ఫోనుతో తీసిన ఫోటో నిమిషములో తరగతి యందఱికిని చేరును. ప్రశ్నను వ్రాసినంతనే వ్యాసమును సిద్ధముచేసి యిచ్చు యంత్రములును వచ్చినవి. సాధనములు మాఱినవి గాని ధర్మము మాఱలేదు. తెలియని మెట్టును తెలిసికొనుటకు మిత్రుని అడిగినను, యంత్రమును అడిగినను తప్పు లేదు. తెలిసికొన్న పిదప పుస్తకము మూసి, స్వయముగా వ్రాయగలిగినప్పుడే యది తనదగును. దించుకొనుటకు పుస్తకమిచ్చు మిత్రుడును ఈ సంగతి నెఱుగవలెను. ప్రక్కన కూర్చుండి ఒక మెట్టు బోధించుట స్నేహము; పుస్తకము విసరివేయుట స్నేహము కాదు.

బహిరంగ పరీక్షలలో చూచి వ్రాయుటను నివారించుటకు ఆంధ్రప్రదేశమున 1997లో ఒక శాసనము చేయబడెను. పాఠశాలలలో బాలలను కొట్టుటయు, మనస్సు నొప్పించుటయు కూడదని 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము నిషేధించినది. కాని ఇంటిలెక్కను దించుకొన్నవానిని విచారించుటకు న్యాయస్థానము లేదు, రక్షకభటుడు లేడు. తండ్రి తీఱికగా కూర్చుండు అరుగు, తల్లి పుస్తకము తిరుగవేయు దీపపు వెలుగు, ఇవియే దానికి న్యాయస్థానము. అచ్చట తీర్పు చెప్పువారు కోపమును విడిచి, నిజమును విడువక, బిడ్డను చేయి పట్టి నడిపింపవలెను. బాలుడును తన వంతు మఱువరాదు. తప్పుగానైనను తానే చేసిన లెక్క ఉపాధ్యాయునికి దారి చూపును. దించుకొన్న సరియైన లెక్క ఆయన కన్ను కప్పును. వాని పుస్తకమున ఎఱ్ఱసిరా గీతలు ఎన్ని యున్నను సిగ్గుపడవలదు. ఆ గీతలు తాను నిజముగా పనిచేసితినని చెప్పు సాక్షులు.